లారీ అమ్మ

"నీకేమన్నా మతిపోయిందా? ఆడది లారీ ఎక్కడమేమిటే! అదీ మూడేళ్ళ పిల్లని ఇంట్లో వదిలేసి!"

పెద్దకోడలు చేతిలో గరిట పళ్ళెంలో పడేసి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. పొయ్యి మీద పాలు పొంగి మంటలో పడి చుయ్యిమన్నాయి. ఇద్దరిలో ఎవరూ అటు చూడలేదు. చిన్నకోడలు గోడకి ఆనుకుని కూర్చుని, ఒళ్ళో ఉన్న కూతురి జుట్టు చిక్కు తీస్తోంది. తీసిన చిక్కే మళ్ళీ తీస్తోంది. కళ్ళమ్మట నీళ్ళు ధారలు కడుతున్నా తుడుచుకోవడం లేదు.

అత్తగారు కాలం చేసి చాలా ఏళ్ళయినా ఆ వీధిలో వాళ్ళకి వీళ్ళిద్దరూ ఇప్పటికీ పెద్దకోడలూ, చిన్నకోడలే. పెద్దకోడలి భర్త ముందుగదిలో మిషను వేసుకుని బట్టలు కుడతాడు. నెమ్మదస్తుడు, నోట్లో నాలుక లేని మనిషి. వాళ్ళకి పిల్లల్లేరు. చిన్నకోడలి భర్త లారీ డ్రైవరు. పొద్దుగూకాక లోడుతో బయలుదేరితే రాత్రంతా బండి నడుస్తూనే ఉండాలి. ఉన్న ఒక్క పిల్లా ఈ చిన్నకోడలి కూతురు. ఒకచోట కుదురుగా ఉండదని అందరూ 'పిచ్చుక' అంటారు.

ముందురోజు పొద్దున డ్రైవరు నుదుటికి కట్టుతో ఇంటికొచ్చాడు. ఏమయిందంటే కేబిను తలుపు తగిలిందన్నాడు. తలుపు తగిలిన మనిషి చేతులు అలా వణుకుతాయా? టీ గ్లాసు పట్టుకోలేక రెండుసార్లు ఒలకబోసుకున్నాడు. సాయంత్రం అతనితో పాటు బళ్ళు నడిపే మీసాలబాబాయి వచ్చి, అరుగు మీద కూర్చుని అసలు సంగతి చెప్పాడు. తెల్లవారుజామున డ్రైవరుకి కునుకు పట్టింది. బండి డివైడరు ఎక్కి, వంతెన గోడకి జానెడు దూరంలో ఆగింది. క్లీనరు కిందకి దూకి, "బతికుంటే బలుసాకు తినొచ్చు, నీకో దణ్ణం" అని అటునుంచి అటే నడిచి వెళ్ళిపోయాడు. ఈ కబురు తెలిశాక ఇంకెవరూ అతని బండి ఎక్కడానికి ఒప్పుకోవడం లేదు. మరొక్కసారి ఇలా జరిగితే తాళాలు లాక్కుంటానని ఓనరు చెప్పేశాడు.

"ఏం చెయ్యమంటావు వదినా? నేను కావాలని పడుకుంటానా?" డ్రైవరు గుమ్మంలో తల దించుకుని అన్నాడు. "రోడ్డు ఒకటే చార... ఎంత పోయినా అదే చార. కళ్ళు తెరుచుకునే ఉంటాయి. చూస్తూనే ఉంటాను. లోపల మనిషి ఉండడు, అంతే!"

"వేరే పని చూసుకో మరి!"

"ఏం పని? అన్నయ్య సూదిలో దారం ఎక్కించమంటే పొద్దంతా ఎక్కించాను. గుర్తుందిగా?"

గుర్తుంది. ఆ వేళ అతను కుట్టిన లాగూకి రెండు కాళ్ళూ ఒకే వైపుకి వచ్చాయని ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వారు. ఇప్పుడెవరికీ నవ్వు రాలేదు.

చిన్నకోడలు తలెత్తింది. "అక్కా! రాత్రంతా నేనిక్కడ మంచం మీద పడుకుని ఏం చేస్తున్నాననుకున్నావు? ప్రతి హారనుకీ ఉలిక్కిపడి లేస్తున్నాను. ఎలాగూ నిద్రలేని దాన్ని... ఆ మేలుకునేదేదో ఆయన పక్కన కూర్చుని మేలుకుంటాను. పిల్లకి తండ్రి ఉంటాడు!"

"మరి తల్లి?"

చిన్నకోడలు కూతుర్ని ఒక్కసారి గుండెకి అదుముకుంది. తర్వాత లేచి, పిల్లని తీసుకెళ్ళి తోడికోడలి చేతుల్లో పెట్టింది. "నువ్వున్నావుగా అక్కా!" అంది.

పెద్దకోడలు ఇంకేదో అనబోయింది. పిచ్చుక ఆమె మెడ చుట్టూ రెండు చేతులూ వేసి, భుజం మీద బుగ్గ ఆనించింది. ఎన్నో ఏళ్ళుగా ఖాళీగా ఉన్న ఆ భుజం... మాట అక్కడే ఆగిపోయింది!

అలా ఎక్కింది చిన్నకోడలు లారీ.

ఎక్కిన కొత్తలో మేలుకొలపడం ఎంతపని అనుకుంది. మెడ మీద తడిగుడ్డ వేసేది. సీసాలో నీళ్ళు మొహాన చల్లేది. ఘాటైన టీ పట్టేది. పచ్చిమిరపకాయ కొరకమనేది. కొందరు డ్రైవర్లు నిద్ర రాకుండా వేసుకునే బిళ్ళలు ఒకసారి అతనూ వేసుకున్నాడు. గుండె అదిరిపోయి, రోడ్డు మీద లేని మనుషులు కనిపించి, బండి ఆపి వెక్కి వెక్కి ఏడ్చాడు. మిగిలిన బిళ్ళలు ఆమె కిటికీలోంచి విసిరేసింది. తడిగుడ్డ ఆరిపోయేది. మిరపకాయ మంట చల్లారిపోయేది. నిద్ర మాత్రం ఎక్కడికీ పోయేది కాదు, ఇంటల్లుడిలా తిష్ఠ వేసుకుని కూర్చునేది.

పోనుపోను ఆమెకి దాని ఆనవాళ్ళు తెలిశాయి. ఆవులిస్తున్నంతసేపు భయం లేదు. ఆవులింతలు ఆగాయంటేనే భయం! భుజాలు కొద్దిగా దిగుతాయి. 'ఊఁ' అనే జవాబు కాస్త ఆలస్యంగా వస్తుంది. ఆ కాస్తలోనే అంతా ఉంది. కథలు చెబితే 'ఊఁ' కొడుతూ జోగేవాడు. పాట పాడితే మరీ ప్రమాదం. కూతురి ముద్దుమాటలు చెబితే మొహం మీద చిరునవ్వు పరుచుకుని, ఆ నవ్వు మీదే రెప్పలు వాలిపోయేవి. లోకంలో ఆడవాళ్ళందరూ మొగుణ్ణి కంటికి రెప్పలా చూసుకుంటామంటారు. ఆమెకి ఆ రెప్పతోనే తగువొచ్చింది!

ఒకనాడు ఏం చెప్పినా అతని తల వాలిపోతోంది. భయంతో ఆమె నోటికొచ్చింది అనేసింది. "మా అన్నయ్య ఇంట్లో మా వదిన నన్ను నలుగురిలో అంత మాటన్నప్పుడు నువ్వు నోరు మూసుకుని కూర్చున్నావు! నువ్వసలు మగాడివేనా?"

అతను చటుక్కున నిటారుగా అయ్యాడు. "ఎప్పుడు? ఏమన్నారు? నేనెప్పుడు కూర్చున్నాను?"

తెల్లవారే దాకా దెబ్బలాడుకున్నారు. ఎర్రగా పొద్దుపొడిచింది. అతని కళ్ళు నిప్పుల్లా తెరుచుకుని ఉన్నాయి. బండి ఒక్కసారి కూడా గీత దాటలేదు.

ఆ రోజుతో ఆమెకి మందు దొరికింది. మనిషిని నిద్రపుచ్చడానికి మంచిమాట చాలు. మేలుకొలపాలంటే గుచ్చుకునే మాటే కావాలి! ఇంట్లో 'మీరు' అనే మనిషి లారీ ఎక్కితే 'నువ్వు' అనేది. పెళ్ళినాటి నుంచి జరిగిన ప్రతి పొరపాటూ తవ్వి తీసేది. పాతవి అయిపోతే కొత్తవి పుట్టించేది. లోడు దించేచోట మిగతా డ్రైవర్లు, "ఏరా, అలారం మోగిందా?" అని నవ్వేవాళ్ళు. "మోగడమేమిటి, చెవుల్లో ఇల్లు కట్టుకుంది" అని అతనూ నవ్వేవాడు. "అలారం చెల్లెమ్మా" అని వాళ్ళు పిలిస్తే ఆమె కూడా నవ్వేది.

కానీ ఎంతకాలమని నవ్వుతారు? మాట కత్తి లాంటిది. ఆటకి తిప్పినా తెగుతుంది. 'ఇది మేలుకోవడానికే' అని ఇద్దరికీ తెలుసు. అయినా పొద్దున్న బండి దిగాక కూడా ఆ మాట మంట మిగిలే ఉండేది. "రాత్రి అన్నావే... నా బతుకు నాశనం చేశావని. అది నిజంగానే అన్నావా?" అని ఒకనాడు అతను మొహం కడుక్కుంటూ అడిగాడు. "ఛ! ఊరికే అన్నానండీ" అంది ఆమె. అతను తల తుడుచుకుంటూ, "బాగానే అన్నావు... ఊరికే అన్నట్టు లేదు" అని వెళ్ళిపోయాడు. అవునో కాదో ఆమెకే తెలియలేదు. ఏది మందుకని అన్నదో, ఏది మనసులోంచి వచ్చిందో తేడా పోయింది. ఆరుబయట ఒకే దుప్పటి కప్పుకుని కబుర్లు చెప్పుకున్న జంట... ఒకరి మొహం ఒకరు చూసుకోవడానికే మొహమాటపడే దశకి వచ్చారు. అతను ప్రాణాలతో ఉన్నాడు! ఆమెకి కావలసింది అదే కదా! అదే దొరికింది... అదొక్కటే దొరికింది.

ఇంటికొచ్చేవాళ్ళు. వచ్చేసరికి పట్టపగలు. రాత్రుళ్ళు అరిచీ అరిచీ గొంతు బొంగురుపోయి, ఒళ్ళంతా ఇంజిను వేడికి కాగిపోయి, ఆమె అన్నం ముందు కూర్చుని కంచంలోకి తూలిపోయేది. కళ్ళ మీద తడిగుడ్డ వేసుకుని ఒరిగితే మళ్ళీ బయలుదేరే వేళకే మెలకువ. అతను కూడా ఇంకో మూల అలాగే. పిచ్చుక గుమ్మంలోంచి తొంగి చూసేది. "ష్... అమ్మ పడుకుందమ్మా. పాపం, రాత్రంతా మేలుకుంది. లేపకూడదు" అని పెద్దకోడలు పిల్లని ఎత్తుకుని అవతలికి తీసుకెళ్ళిపోయేది. ఆ పిల్ల ఎరిగిన కన్నతల్లి మొహంలో కళ్ళు లేవు. తడిగుడ్డే ఉంది!

ఒక మధ్యాహ్నం చిన్నకోడలికి ముందుగా మెలకువ వచ్చింది. ముందుగదిలో ఎవరో కొత్తావిడ జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చినట్టుంది.

"లోపల పడుకున్నదెవరే?" అని అడుగుతోంది.

"లారీ అమ్మ" అంది పిచ్చుక.

"లారీ అమ్మేమిటి?"

"లారీలో వస్తుంది... పడుకుంటుంది... మళ్ళీ లారీలో పోతుంది. మా అమ్మ వంటింట్లో ఉంది."

మిషను చప్పుడు ఆగిపోయింది. బావగారు గట్టిగా దగ్గారు. వంటింట్లో గిన్నె ఏదో కిందపడింది. చిన్నకోడలు తడిగుడ్డ కళ్ళ మీదికి లాక్కుని, నిద్రపోతున్నట్టే కదలకుండా పడుకుంది. ఆ గుడ్డ ఆ వేళ చాలాసేపు తడిగానే ఉంది.

ఆ సాయంత్రం బయలుదేరబోతూ తోడికోడలితో అంది. "అక్కా, అది నిన్ను అమ్మా అంటోందిగా!"

పెద్దకోడలు మొహం పాలిపోయింది. "నేను నేర్పలేదే చెల్లీ! ఒట్టు! పక్కింటి పిల్లలు వాళ్ళ అమ్మల్ని పిలుస్తుంటే చూసి అదే... వద్దని చెబుతాను. ఇవాళే చెబుతాను!"

"వద్దక్కా. పిలవనీ. పసిదానికి అమ్మా అనడానికి ఎవరో ఒకరుండాలి కదా!" అని నవ్వింది చిన్నకోడలు. ఆ రాత్రి దారిపొడుగునా ఆమెకి తగువు కోసం వెతుక్కోనక్కర్లేకపోయింది. "నా పిల్లని నాకు కాకుండా చేశావు!" అని మొగుణ్ణి తిట్టింది. అందులో మాత్రం ఒక్క ముక్కా ఊరికే అన్నది కాదు.

పిచ్చుక బడికి వెళ్ళే వయసొచ్చింది. పలక పోయి పుస్తకాలొచ్చాయి. పాలపన్ను ఎప్పుడు ఊడిందో, కొత్తది ఎప్పుడొచ్చిందో చిన్నకోడలికి తెలియదు. ఒకసారి వచ్చేసరికి సందు కనిపించింది, మరోసారి వచ్చేసరికి పన్ను ఉంది. అలాంటి రోజుల్లో ఒకనాడు, లోడు ఎక్కిస్తుండగా బావగారి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. పిల్లకి జ్వరం దిగడం లేదు, ఆసుపత్రిలో చేర్పించాం, డాక్టరు ధైర్యంగా మాట్లాడటం లేదు, వెంటనే రమ్మన్నారు.

ఇద్దరూ పరుగున వెళ్ళారు. పిచ్చుక మంచానికి అతుక్కుపోయి ఉంది. పెదాలు ఎండిపోయి చీలికలయ్యాయి. "అమ్మా... అమ్మా..." అని కలవరిస్తోంది. చిన్నకోడలు పిచ్చిదానిలా మంచం మీదికి వంగి, "వచ్చానే తల్లీ! వచ్చాను బంగారూ!" అంది. పిల్ల కళ్ళు సగం తెరిచి ఆమెని చూసింది. ఎవరో అన్నట్టు చూసి, మొహం అటు తిప్పుకుని, మంచానికి అవతల ఉన్న పెద్దకోడలి వేలు పట్టుకుంది. పెద్దకోడలు ఆ వేలు వెనక్కి తీసుకోలేకపోయింది. ఉంచనూ లేకపోయింది. తలొంచుకుని నోట్లో కొంగు కుక్కుకుంది.

అయినా చిన్నకోడలు కదలనంది. "నేను రాను. ఈసారి పిల్లని వదిలి రాను!"

డ్రైవరు వరండాలో నిలబడ్డాడు. లోడు ఎక్కిపోయింది. పళ్ళ లోడు, ఆపడానికి లేదు. మీసాలబాబాయిని అడుగుదామంటే అతను అప్పటికే వేరే బండి మీద వెళ్ళిపోయాడు. అటు పిల్ల, ఇటు మొగుడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి! ఎటు అడుగేసినా పడేది ఆమే!

"ఈ ఒక్క ట్రిప్పుకీ నేనొక్కణ్ణే వెళ్ళొస్తాలే. దాని దగ్గర నువ్వుండు" అన్నాడు అతను.

మెట్ల దాకా వెనకే వచ్చింది ఆమె. "నిద్రొస్తే బండి ఆపెయ్యండి. ఆలస్యమైతే అయింది, ఓనరు తిడితే తిట్టనివ్వండి. పక్కకి తీసి, కడుపునిండా పడుకుని లేచి వెళ్ళండి. మీకు దణ్ణం పెడతాను... నా మాట వినండి."

అతను ఆమె మొహంలోకి చూశాడు. ఎన్నాళ్ళయిందో అలా చూసి! "ఏంటే, మీరూ మీరూ అంటున్నావు? నాకు భయమేస్తోంది. ఒక్క తిట్టు తిట్టు. దారిలో తలుచుకుంటూ పోతాను."

"తిట్టను" అంది ఆమె. "ఇంకెప్పుడూ తిట్టను. ఇది లేచి తిరిగితే చాలు, మీరు క్షేమంగా వస్తే చాలు... ఇద్దరం ఏ కూలిపనో చేసుకుని ఇంట్లోనే పడి ఉందామండీ!"

అతను ఆమె చెంప మీద ఉన్న మసి చారని బొటనవేలితో తుడిచి, మెట్లు దిగిపోయాడు.

పిల్లకి జ్వరం తగ్గింది. తెల్లారేసరికి ఒళ్ళు చల్లబడి, చెమట పట్టి, మంచినీళ్ళు అడిగింది. డాక్టరు వచ్చి చూసి ఇక భయం లేదన్నాడు. తోడికోడళ్ళిద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఆ ఏడుపు ఇంకా ఆగకుండానే మీసాలబాబాయి వార్డు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. తలకి ఎప్పుడూ ఉండే గుడ్డ లేదు. ఆ పెద్దమనిషి మీసాలు తడిసిపోయి ఉన్నాయి. ఇంక చెప్పడానికేముంది!

"నీ మాట విన్నాడమ్మా..." అన్నాడు ఆయన, గోడ పట్టుకుని కిందకి జారిపోతూ. "నిద్రొస్తే ఆపమన్నావట కదా? దారిలో టీ తాగేటప్పుడు చెప్పాడు నాతో. ఆపాడమ్మా! రోడ్డు పక్కకి తీశాడు. లైట్లు వేశాడు. చక్రాల వెనక రాళ్ళు పెట్టాడు, కొమ్మలు విరిచి బండి వెనకాల వేశాడు. అంతా పద్ధతిగా చేసి, సీటు వెనక పడుకున్నాడు. వెనక నుంచి ఇంకో బండి వచ్చిందమ్మా... దాన్ని నడిపేవాడు నిద్రపోతున్నాడు!"

చిన్నకోడలు ఏడవలేదు. విన్నది అర్థం కానట్టు ఆయన వైపే చూస్తూ నిలబడింది. అతను నిద్రపోయాడు, నిజమే. కానీ పడుకోవలసిన చోటే పడుకున్నాడు! తప్పేమీ చెయ్యలేదు. లారీ ఎక్కినప్పటి నుంచి ఆ ఒక్కసారే ఆమె మెత్తగా చెప్పింది, ఆ ఒక్కసారే అతను మారుమాట్లాడకుండా విన్నాడు. తాను పక్కన ఉండి గొంతు చించుకుని తిట్టి ఉంటే... బండి అక్కడ ఆగి ఉండేది కాదు! 'ఆపకండి' అని ఉంటే? కానీ అప్పుడు ఏ వంతెన దగ్గరో... దేన్ని తిట్టుకోవాలో, ఎవర్ని శపించాలో ఆమెకి తెలియలేదు. ఆ రెండో బండి డ్రైవరు కూడా ఎవరో ఒకామె మొగుడే. వాడికి పక్కన కూర్చుని తిట్టే మనిషి లేకపోయింది, అంతేగా!

తర్వాత జరగవలసినవన్నీ జరిగాయి. వచ్చేవాళ్ళు వచ్చారు, వెళ్ళేవాళ్ళు వెళ్ళారు. 'అయ్యో' అన్నారు, 'నీ రాత' అన్నారు. చిన్నకోడలికి పగలు నిద్ర రావడం మానేసింది. రాత్రి అయితే అలవాటు కొద్దీ కళ్ళు వాటంతట అవే విచ్చుకునేవి. గోడకి ఆనుకుని కూర్చుని చీకట్లోకి చూసేది. ఒక్కోసారి బొంగురు గొంతుతో, "ఏయ్, వింటున్నావా?" అనేది. అవతలి గదిలో బావగారు లేచి కూర్చునేవారు. ఆయన ఏం చెయ్యగలరు పాపం!

కొన్నాళ్ళకి ఆమె అన్నయ్య వచ్చాడు. "మన ఇంటికి వచ్చెయ్. వదిన కూడా రమ్మంది. పాతవన్నీ మర్చిపో. పిల్లని తీసుకుని రా" అన్నాడు.

 బావగారు మిషను మీద చెయ్యి పెట్టి కూర్చున్నారు. "నీ పిల్లమ్మా... నీ ఇష్టం. మేం అడ్డు చెప్పం" అన్నారు మెల్లిగా. పెద్దకోడలు మాత్రం లోపలికి వెళ్ళి, పిచ్చుక బట్టలు ఒక్కొక్కటే మడతపెట్టి సంచిలో సర్దడం మొదలుపెట్టింది. ఆ చేతులు మడత పెడుతున్నాయి, మళ్ళీ విప్పుతున్నాయి. మధ్యమధ్య తలెత్తకుండానే చెబుతోంది.

"పాలు వేడి తగ్గితే తాగదు... బడికి వెళ్ళేటప్పుడు ఏడిస్తే పట్టించుకోకు, సందు మలుపు తిరిగేసరికి మానేస్తుంది... కడుపునొప్పి అంటే సగం అబద్ధం, సగం నిజం... ఎడం పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. వీపు మీద రాయాలి, గట్టిగా కాదు, పైపైన. రాస్తూ రాస్తూ ఆపావంటే లేచి కూర్చుంటుంది..."

చిన్నకోడలు వింటోంది. ఒక్కో మాటా ఒక్కో మేకులా దిగుతోంది. నా కూతురి గురించి నాకు పాఠం చెబుతోంది! ఆమెకి రోషం వచ్చింది. ఎన్నాళ్ళ తర్వాతో వచ్చిన రోషం! "నాకు తెలుసులే అక్కా!" అని, మధ్యాహ్నం పూట పిచ్చుకని చెయ్యి పట్టుకుని తన గదిలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. జ్వరం వచ్చి తగ్గిన పిల్ల, మధ్యాహ్నం పడుకోవాలని డాక్టరు చెప్పాడు.

"పడుకో తల్లీ" అంది. పిల్ల బిగుసుకుని మంచం అంచున పడుకుంది. వీపు మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడింది. స్టీరింగు పక్కన ఇనపకమ్మీ పట్టుకుని పట్టుకుని కాయలు కాసిన చెయ్యి అది. పాట పాడబోతే బొంగురు గొంతు పెళుసుగా పలికింది. పిల్ల కళ్ళు మూసుకోలేదు. ఇంకా పెద్దవి చేసుకుని చూస్తోంది. కథ మొదలుపెట్టింది. రెండు ముక్కలు చెప్పేసరికి తనకే తెలియకుండా, "వింటున్నావా? ఏం చెప్పాను? చెప్పు!" అని గద్దించింది. పిల్ల పెదవి వణికింది.

మేలుకొలపడమే వచ్చు ఆమెకి! ఒక మనిషి రెప్ప వాలకుండా ఎన్ని చెయ్యాలో అన్నీ వచ్చు. నిద్రపుచ్చడం... ఒక పసిదాన్ని నిద్రపుచ్చడం... ఎక్కడా నేర్చుకోలేదు. నేర్చుకోవలసిన రోజులన్నీ రోడ్డు మీద ఖర్చైపోయాయి!

"నిద్ర రావట్లేదా నాన్నా?"

పిచ్చుక తల అడ్డంగా ఊపింది. గుసగుసగా అడిగింది. "నువ్వు ఇవాళ పడుకోలేదేం?"

"నిద్ర రాలేదమ్మా."

"నేను ఇదివరకు నిన్ను చాలాసార్లు లేపుదామనుకున్నాను. బొమ్మ గీశాను, చూపిద్దామని. అమ్మ లేపొద్దంది. ఎప్పుడూ లేపొద్దంది."

తలుపు అవతల గాజుల చప్పుడు అయింది. తలుపు సందులోంచి పెద్దకోడలి చీరంచు కనిపిస్తోంది. ఆ అంచు కదలడం లేదు. చిన్నకోడలికి అన్నీ అర్థమయ్యాయి. 'లేపకూడదమ్మా' అన్న ఆ మాట మొదట జాలితోనే వచ్చి ఉంటుంది. రానురాను ఆ జాలిలో ఇంకేదో కలిసి ఉంటుంది. ఒక్కసారి లేపనిచ్చి ఉంటే... ఒక్క బొమ్మ చూడనిచ్చి ఉంటే! నిలదీస్తే ఆ మనిషి నోరెత్తగలదా? గుచ్చుకునే మాట ఎలా విసరాలో చిన్నకోడలికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. మాట నాలుక చివరిదాకా వచ్చింది.

మింగేసింది. ఎవర్ని మేలుకొలపడానికి ఇంక!

పిల్లని ఎత్తుకుని వెళ్ళి తలుపు తీసింది. ఎదురుగా పెద్దకోడలు, దొరికిపోయిన దొంగలా నిలబడి ఉంది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. "చెల్లీ... నేను..." అంది.

"దీనికి నిద్రొస్తోందక్కా. నాకు చేతకావడం లేదు" అంది చిన్నకోడలు. "నీ పిల్లని నువ్వే పడుకోబెట్టు."

ఆ 'నీ పిల్ల' అన్న మాటకి పెద్దకోడలు పిల్లని అందుకుంటూనే కూలబడి, తోడికోడలి కాళ్ళు చుట్టేసుకుంది. "అంత మాటనకే! నీ కడుపున పుట్టింది! నేను పాపిష్టిదాన్ని..."

"లే అక్కా. పిల్ల బెదిరిపోతోంది." చిన్నకోడలు ఆమె భుజం పట్టుకుని లేపింది. ముందుగది వైపు తిరిగి అంది. "అన్నయ్యా, నువ్వు వెళ్ళు. పిల్ల ఇక్కడే ఉంటుంది. నేనూ ఇక్కడే ఉంటాను. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీకి ఆయా కావాలన్నారు. ఎలాగూ రాత్రి నిద్రపట్టని దాన్ని. వెళ్తాను."

"పిల్లకి తల్లివి నువ్వు ఉండగా..." అన్నాడు అన్నయ్య.

"దానికి తల్లి ఉంది అన్నయ్యా."

అన్నయ్య చెప్పులు వేసుకున్నాడు. బావగారు అతన్ని సందు చివరిదాకా సాగనంపడానికి వెళ్ళారు. పెద్దకోడలు చాప పరిచి పిచ్చుకని ఎడం పక్కకి తిప్పి పడుకోబెట్టింది. వీపు మీద పైపైన రాయడం మొదలుపెట్టింది. ఇంకో చేత్తో చిన్నకోడలి చీర కొంగు పట్టుకుని లాగింది. "నువ్వూ కాసేపు ఒరుగు. ఎన్నాళ్ళయింది నువ్వు కన్ను మూసి... నా మీద ఒట్టు."

చిన్నకోడలు పిల్లకి అవతల పక్కన ఒరిగింది. పిచ్చుక రెప్పలు బరువెక్కాయి. భుజాలు దిగాయి. ఊపిరి నెమ్మదించింది. ఆ ఆనవాళ్ళన్నీ ఆమెకి ఎంత బాగా తెలుసో!  పిల్లని కుదిపి లేపబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇక్కడ రోడ్డు లేదు. పడుకోవచ్చు.

ఏడ్చి ఏడ్చి అలసిన పెద్దకోడలికి కూడా, పిల్ల వీపు మీద రాస్తూ రాస్తూనే కునుకు పట్టింది. చెయ్యి ఆగింది. పిచ్చుక కదిలింది, ముక్కు ఎగబీల్చింది. చిన్నకోడలు ఊపిరి బిగబట్టి, తోడికోడలి చేతి కింద నుంచి తన చెయ్యి జొనిపి, గట్టిగా కాదు, పైపైన రాసింది. ఎవరి చెయ్యో పిల్లకి తెలియలేదు. మళ్ళీ నిద్రలోకి జారుకుంది.

ఆ మధ్యాహ్నమంతా ఇద్దరూ నిద్రపోయారు. ఆమె రెప్ప వెయ్యకుండా రాస్తూనే ఉంది.